నర్సు అనుభవం ఒక్కటే చాలదు

సంపాదకులకు,

అమెరికాలో నర్సుగా పేరు తెచ్చుకున్నవారు అక్కడి నర్సింగ్ హోమ్‌లకు తేలిగ్గా అడ్మినిస్ట్రేటర్లు కావచ్చన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. ఈ వృద్ధుల సంరక్షణ కేంద్రాల నిర్వాహకులకు రాష్ట్రాలు లైసెన్సు ఇవ్వాలని 1967లోనే ఫెడరల్ చట్టసవరణ వచ్చింది. ఆ లైసెన్సు కోసం రాయాల్సిన జాతీయ పరీక్షలో రెండు భాగాలుంటాయి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సుకు ముందు అనుభవమున్న ఒక అడ్మినిస్ట్రేటర్ దగ్గర శిక్షణ పొందాలి. కాలిఫోర్నియాలో ఆ శిక్షణ కనీసం 1,000 గంటలు. రోగుల పక్కన నిలబడి నేర్చుకున్నది విలువైనదే, కాదనను. కానీ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లింపులు, సిబ్బంది నియామకాలు, అగ్నిప్రమాద భద్రత, ప్రభుత్వ తనిఖీలు పూర్తిగా వేరే చదువు. పైగా రాష్ట్రం మారితే నిబంధనలూ మారతాయి. ఉండబోయే రాష్ట్రపు లైసెన్సు నియమాలు ముందే చూసుకోమని మన పిల్లలకు ఒక్క వాక్యమైనా రాయాల్సింది.

– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా