అరచేతిలో రచ్చబండ

* పల్లెపల్లెనా వాట్సప్ గ్రూపుల్లోనే ముచ్చట్లు
* తెలిసినవారి మాట కావడంతో తిరుగులేని నమ్మకం
* సమాధానం చెప్పుకోలేని వారిపైనే నింద

గద్వాల: ఒకనాడు ఊరి నడుమ చెట్టు నీడన రచ్చబండపై సాగిన ముచ్చట్లు నేడు అరచేతిలోని సెల్‌ఫోన్‌లోకి చేరాయి. వాన జాడ, వేరుశనగ ధర, యూరియా నిల్వ, నల్లా నీళ్లు వచ్చే వేళ, రాని బస్సు, సర్పంచి తీరు... అక్కడ మాట్లాడని విషయమంటూ లేదు. ఊరి పేరుతో ఒక గ్రూపు, వాడకట్టు పేరుతో మరొకటి, కులసంఘానికి ఒకటి, పదో తరగతి మిత్రులకు ఇంకొకటి. పైకి కాలక్షేపంగా కనిపించే ఈ మాటలే ఊరి అభిప్రాయాన్ని తీర్చిదిద్దుతున్నాయి. ఆ అభిప్రాయం ఒక్కోసారి ఊరికి మేలు చేస్తోంది. ఒక్కోసారి నిరపరాధి ప్రాణాల మీదికి తెస్తోంది. రెండింటికీ మూలం ఒక్కటే. అది తెలిసినవారి మాటపై ఉండే నమ్మకం.

మాట మారలేదు... చోటు మారింది

నలుగురు కూడి లోకం పోకడను చర్చించుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమం పుణ్యమా అని ఊళ్లలో పఠన మందిరాలు వచ్చాయి. చదువు వచ్చిన ఒకరు పత్రికను పైకి చదివితే పదిమంది విని మంచిచెడులు తర్కించేవారు. అక్కడ చర్చకు వచ్చిన వార్తకు ఒక చిరునామా ఉండేది. ఏ పత్రిక, ఏ తేదీ అన్నది అందరి కళ్లెదుటే కనిపించేది.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మొబైల్ డేటా ధరలు బాగా తగ్గాయి. చౌక ఫోన్లు తోడయ్యాయి. చదువు అంతగా రానివారు కూడా మాటను రికార్డు చేసి పంపే వీలుండటంతో చర్చలో పాలుపంచుకుంటున్నారు. కూలి పనులకు ముంబయి, పుణె వెళ్లిన పాలమూరు వలస జీవులకు, గల్ఫ్ బాట పట్టిన ఉత్తర తెలంగాణ కార్మికులకు సొంతూరి కబురు క్షణాల్లో అందుతోంది. ఊళ్లో లేనివారు సైతం ఊరి చర్చలో కూర్చోగలగడం పాత రచ్చబండకు సాధ్యం కాని సంగతి.

అలాగని పాత రచ్చబండను ఆకాశానికి ఎత్తనక్కర లేదు. అక్కడ స్త్రీలకు చోటు లేదు. దళితులు దూరంగా నిలబడి వినాల్సిన రోజులుండేవి. పెద్దమనుషుల మాటే చెల్లేది. అయితే దానికి ఒక సుగుణం ఉంది. మాట అన్నవాడు ఎదుట ఉండేవాడు. ఎవరిని అన్నారో వారిని పిలిపించి అడిగే వీలుండేది. నేటి గ్రూపుల్లో లోపించినది సరిగ్గా అదే.

మేలు తక్కువేమీ కాదు

ఈ గ్రూపుల వల్ల కలుగుతున్న ప్రయోజనాన్ని తోసిపుచ్చలేం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందన్న కబురు లైన్‌మన్‌కు వెంటనే చేరుతుంది. రక్తం అవసరమైతే అదే ఊరి నుంచి దాత దొరుకుతాడు. పంటకు పట్టిన తెగులు ఫోటో పెడితే అనుభవమున్న రైతు సలహా ఇస్తాడు. తప్పిపోయిన పశువు జాడ తెలుస్తుంది. మార్కెట్ యార్డులో ధర ఎంత పలికిందో సరకు బండి కదలకముందే తెలిసిపోతుంది.

ఇవన్నీ చిన్న గ్రూపులోనే సాధ్యం. వేలమంది అపరిచితులు ఉన్న చోట ఎవరి మాట నమ్మాలో తెలియదు. ఊరి గ్రూపులో పేరు చూడగానే మనిషి కళ్లముందు మెదులుతాడు. ఫలానా వారి అబ్బాయి, ఫలానా వీధి, అబద్ధమాడే మనిషి కాదు అన్న అంచనా మనసులో ఉంటుంది. అందుకే మాటకు విలువ.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. పంపినవారు తెలిసినవారే. వారు పంపిన విషయం మాత్రం వారికి తెలిసినది కాకపోవచ్చు. ఎవరో ఎక్కడో అల్లిన సంగతిని వారు ముందుకు నెట్టి ఉంటారు. చదివేవారు మనిషిపై ఉన్న నమ్మకాన్ని ఆ సందేశానికి అంటగడతారు. ఇలా పది చేతులు మారేసరికి ఊరూపేరూ లేని పుకారుకు పదిమంది పెద్దమనుషుల పూచీకత్తు దక్కుతుంది. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరు చుట్టి వస్తుందన్న సామెత ఊరికే పుట్టలేదు.

2018 నేర్పిన పాఠం

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు 2018 వేసవిలో తెలుగు రాష్ట్రాలను, పొరుగు రాష్ట్రాలను కుదిపేసింది. ఆ రోజుల్లో విస్తృతంగా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్‌పై వచ్చినవారు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్థాన్‌లోని కరాచీలో, బాలల భద్రతపై తల్లిదండ్రులను అప్రమత్తం చేయడానికి తీసిన ప్రచార చిత్రం. పిల్లవాణ్ని తిరిగి దించి, సందేశమున్న అట్టను చూపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మిగిలిన ముక్క మన ఊళ్లలో జరిగిన ఘటనగా చలామణి అయింది.

ఫలితం ఘోరం. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలె జిల్లా రెయిన్‌పాడాలో సంచార జాతికి చెందిన అయిదుగురు బలయ్యారు. అదే నెల 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాకు హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు విహారానికి వెళ్లారు. దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. అదే అనుమానానికి దారితీసింది. వారి కారు చేరకముందే ముర్కి గ్రామానికి వాట్సప్‌లో కబురు చేరింది. అక్కడ దారి కాచి చేసిన దాడిలో హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు మరణించారు. మిఠాయి పంచిన చేతులు వారి గ్రూపులో లేవు. నింద మోపిన చేతులే అందులో ఉన్నాయి.

నడిగడ్డలో మరో తీరు

అదే పుకారు అదే సంవత్సరం జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలనూ తాకింది. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన పోలీసు సిబ్బంది గమనించారు. ఆరా తీస్తే పార్థీ ముఠా పేరిట తిరుగుతున్న సందేశాలు బయటపడ్డాయి. అప్పుడు రెండు జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి దీనిని కేవలం కేసుల వ్యవహారంగా చూడలేదు. గ్రామానికో పోలీసు అధికారి చొప్పున బాధ్యత అప్పగించారు. వారు ఇంటింటికీ తిరిగారు. ఊరి గ్రూపుల్లో సభ్యులుగా చేరారు. డప్పు చాటింపు వేయించారు. కళాకారుల చేత పాటలు పాడించారు. సుమారు 400 గ్రామాల్లో సాగిన ఈ కృషి ఫలితంగా ఆ పుకారుకు అక్కడ ఒక్క ప్రాణమూ బలి కాలేదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. పుకారును ఆపింది యంత్రం కాదు. తెలిసిన ముఖం. తెలిసినవారి మాటగా వచ్చిన అబద్ధాన్ని తెలిసినవారి మాటతోనే తిప్పికొట్టారు. చిన్న గ్రూపు బలహీనత ఏదో దాని బలమూ అదే అని నడిగడ్డ అనుభవం చాటుతోంది.

నిత్య జీవితంలోనూ ఇదే తంతు

ప్రాణాలు పోయిన ఘటనలు అరుదు కావచ్చు. పరువు పోయిన ఘటనలకు లెక్కలేదు. రేషన్ డీలరు తూకంలో కోత పెట్టాడని ఒకరు రాస్తారు. నలుగురు అవునంటారు. డీలరు ఆ గ్రూపులో ఉండడు. బడికి మాస్టారు రాలేదని మూసిన తలుపు ఫోటో పెడతారు. ఆయన శిక్షణకో, ఎన్నికల విధులకో వెళ్లి ఉండవచ్చునన్న ఆలోచన ఎవరికీ రాదు. ఒక ఇంటి ఆడపిల్ల గురించి గుసగుసగా మొదలైన మాట గోరంత నుంచి కొండంతవుతుంది. ఆ కుటుంబానికి మాత్రం అందరికన్నా చివర తెలుస్తుంది.

ఆరోపణ చేయడం తప్పు కాదు. తూకంలో మోసం నిజంగా జరుగుతుంది. బడి ఎగ్గొట్టే వారూ ఉంటారు. ప్రశ్నించే గొంతును నొక్కితే నష్టపోయేది పేదలే. కానీ ఎవరిపై మాట పడిందో వారికి బదులిచ్చే అవకాశం లేనిచోట ఆరోపణకూ తీర్పుకూ తేడా చెరిగిపోతుంది. పైగా వందమంది సభ్యులున్న గ్రూపులో నలుగురైదుగురే మాట్లాడతారు. తక్కినవారి మౌనాన్ని అంగీకారంగా లెక్కగడతారు. ‘ఊరంతా అనుకుంటోంది’ అన్న మాట వెనుక చాలాసార్లు ఉండేది ఆ నలుగురే. ఇంటికి ఒకే ఫోన్, అదీ మగవారి చేతిలో ఉన్న ఇళ్లలో మహిళల అభిప్రాయం ఆ లెక్కలోకే రాదు.

చట్టం ఏమంటోంది?

అభిప్రాయం చెప్పడం నేరం కాదు. ఇంటర్‌నెట్‌లో రాతలపై అరెస్టులకు వాడుకున్న ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయితే వర్గాల మధ్య విద్వేషం రగిల్చే పుకార్లు, ప్రజలను భయభ్రాంతులకు గురిచేసే తప్పుడు సమాచారం వేరే సంగతి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షన్ కింద వాటికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశముంది. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న ఆదేశించింది.

సభ్యుడు పెట్టిన ప్రతి రాతకూ అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపుర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో స్పష్టం చేశాయి. అందులో అడ్మిన్‌కు ఉమ్మడి ఉద్దేశం ఉన్నట్టు తేలితే వేరే మాట. శిక్ష లేదంటే బాధ్యత లేదని కాదు. సభ్యుల సందేశాలను అందరి ఫోన్లలోంచి తొలగించే వీలు 2022 నుంచి అడ్మిన్లకు ఉంది. దానిని వాడేవారే తక్కువ.

మీట నొక్కితే తీరేది కాదు

2018 ఘటనల తరువాత వాట్సప్ సంస్థ కొన్ని కట్టడులు తెచ్చింది. ఇతరుల నుంచి వచ్చిన సందేశానికి ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు పెట్టింది. భారత్‌లో ఒకేసారి అయిదుగురికి లేదా అయిదు గ్రూపులకు మించి పంపకుండా పరిమితి విధించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే పలుమార్లు చేతులు మారిన సందేశాలను ఒక్కరికే పంపేలా బిగించింది. వేగం తగ్గింది. మరోవైపు గ్రూపు సభ్యుల గరిష్ఠ సంఖ్య 256 నుంచి 2022లో 512కు, ఆపై 1,024కు పెరిగింది. చిన్న ఊరు మొత్తం ఒకే గ్రూపులో ఇమిడిపోతుంది.

గొడవలు భరించలేక కొందరు అడ్మిన్లు తాము తప్ప ఎవరూ రాయకుండా తాళం వేస్తున్నారు. అప్పుడది చర్చావేదిక కాదు, నోటీసు బోర్డు. రోగికి మందివ్వలేక నోరు కుట్టేసిన చందమే. ఊరు మాట్లాడాలి. అయితే మాటకు జవాబుదారీ ఉండాలి.

ఊరి చేతిలోనే మందు

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కర లేదు. ‘మీరు కళ్లారా చూశారా? ఎవరు చెప్పారు? ఎప్పుడు జరిగింది?’ అని గ్రూపులో ఒక్కరు మర్యాదగా అడిగితే చాలు, సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి. అడిగేవారు, చెప్పేవారు ఒకే ఊరివారు కాబట్టి ప్రశ్నకు బదులు చెప్పక తప్పదు. పెద్దవారిని అడగడానికి మొహమాటం అడ్డువస్తే విడిగా ఫోన్ చేసి అడగవచ్చు. తప్పని తేలినప్పుడు గప్‌చుప్‌గా తుడిచేయడం కాక, తప్పని రాయాలి. అబద్ధం చదివిన కళ్లకు సవరణ కూడా కనిపించాలి. ఎవరిపైనైనా ఆరోపణ వస్తే వారి మాట కూడా తెలుసుకున్న తరువాతే చర్చ సాగాలన్న కట్టుబాటును ప్రతి గ్రూపూ పెట్టుకోవచ్చు.

తూకం, నీళ్లు, బడి వంటి విషయాలను ఫోన్‌లో తిట్టి వదిలేస్తే ఆ కోపం ఆవిరైపోతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అక్కడ ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కుతుంది. ఎదుటివారు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది, చెప్పుకొనే హక్కూ వారికి ఉంటుంది. గ్రూపులో పుట్టిన మాట గ్రామసభ గడప తొక్కితేనే అది ఊరి అభిప్రాయమవుతుంది. అప్పటిదాకా అది నలుగురి మాటే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. నేడు ఊరి నోరు వేలి కొసన ఉంది. బిచ్చానికి వచ్చిన ముసలమ్మ, దారి తప్పిన మతిస్థిమితం లేని మనిషి, పొరుగు రాష్ట్రం కూలీ, పొట్టకూటికి తిరిగే సంచార కుటుంబం... వీరెవరూ ఏ గ్రూపులోనూ సభ్యులు కారు. వీరి పక్షాన ‘మీరు చూశారా’ అని అడగవలసింది గ్రూపులో ఉన్నవారే.