పెట్టె లేని గూట్లో దాచుకున్నాం

పోస్టు కాస్త పెద్దదే, పెద్దలు క్షమించాలి. కానీ చివరిదాకా చదవండి. ఇందులో పోయినవి మనందరివీ.

గత కార్యవర్గ సమావేశంలో స్కానింగ్ ఫైళ్ల సంగతి మేము ఎత్తితే వచ్చిన జవాబు: "అదంతా సాంకేతికం, సభ్యులకెందుకు?" ఆ మాట మాకు మింగుడు పడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

జరిగింది ఇది. పాత మినిట్స్ పుస్తకాలు, నాటకాల కరపత్రాలు, వార్షికోత్సవ సంచికలు, సభ్యులు ఇళ్ల నుంచి తెచ్చిచ్చిన ఉత్తరాలు, ఫొటోలు స్కాన్ చేసి సంఘం కంప్యూటర్‌లో పెడుతున్నాం. రోజూ రాత్రి ఒక చిన్న ప్రోగ్రాం వాటిని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తుంది. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచింది గానీ బయటి డిస్కు మౌంట్ కాలేదు. ప్రోగ్రాం మాత్రం ఆగలేదు. ఐదు నెలలపాటు ప్రతి రాత్రీ "బ్యాకప్ పూర్తయింది" అని రాసింది. ఆషాఢంలో లోపలి డిస్కు చెడిపోయింది. బయటి డిస్కు తెరిస్తే సంక్రాంతి తర్వాతి ఫైలు ఒక్కటీ లేదు.

పోయినవాటిలో ఒక పెద్దాయన ఇచ్చిన ట్రంకు పెట్టెడు కాగితాలున్నాయి. స్కాన్ అయిపోయాయి కదా అని పెట్టె ఆయనకు తిరిగి ఇచ్చేశాం. తర్వాత వాళ్ల పిల్లలు ఇల్లు అమ్మి విశాఖ వెళ్తూ ఆ కాగితాలు తూకానికి వేసేశారు. వాళ్లను ఎలా తప్పు పడతాం? "మీ కాగితాలు మా దగ్గర భద్రం" అని చెప్పింది మనమే.

ఇప్పుడు ఆ "సాంకేతికం" ఏమిటో చూద్దాం. మన కంప్యూటర్ నడిచేది లినక్స్ మీద. అందులో ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, బయటి డిస్కును అక్కడ తగిలిస్తారు. దాన్నే మౌంట్ చేయడం అంటారు. గోడలో గూడు, ఆ గూట్లో ఒక పెట్టె అనుకోండి. పెట్టె తీసేసినా గూడు అలాగే ఉంటుంది. పేరూ మారదు. చీకట్లో చెయ్యి పెట్టి సామాను సర్దేవాడికి తేడా తెలియదు. మన ప్రోగ్రాం చేసింది అదే. ఆ గూడు లోపలి డిస్కులో భాగం. అసలూ నకలూ ఒకే డిస్కులో చేరాయి, ఒకేసారి పోయాయి.

"కంప్యూటర్ మోసం చేసింది" అంటున్నారు కొందరు. అది అన్యాయం. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. కాపీ మొదలుపెట్టే ముందు మన ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టంను ఒక మాట అడుగుతుంది. ఇలా అడగడాన్ని సిస్టం కాల్ అంటారు. ఇక్కడ ఆ కాల్ చేయించే లైబ్రరీ ఫంక్షన్ పేరు స్టాట్‌విఎఫ్ఎస్. ఒక ఫోల్డర్ దారి ఇస్తే, ఆ దారి ఏ ఫైల్ సిస్టంలో ఉందో దాని చీటీ చేతికిస్తుంది. బ్లాకు సైజు ఎంత, మొత్తం బ్లాకులెన్ని, ఖాళీ ఎన్ని, ఇంకా ఎన్ని ఫైళ్లకు చోటుంది, రాయడానికి వీలుందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. డీఎఫ్ అనే కమాండ్ కొడితే కనపడే అంకెలు చాలావరకు ఈ చీటీలోవే.

ఇందులో ఖాళీకి రెండు గళ్లుంటాయి. ఒకటి మొత్తం ఖాళీ, రెండోది మామూలు యూజర్ వాడుకోదగ్గ ఖాళీ. ఈఎక్స్‌టీ4 రకం ఫైల్ సిస్టం సాధారణంగా 5 శాతం చోటు అడ్మిన్ కోసం పక్కన పెడుతుంది. మూలనిధిని ముట్టుకోకూడదని తెలిసిన మన కోశాధికారికి ఇది అర్థం కాని విషయమా?

మన ప్రోగ్రాం ఆ చీటీలో చూసింది ఒక్క గడి. చోటుందా? ఉంది. అయితే కాపీ చెయ్యి. పక్క గడిలోనే మొత్తం ఎంతో రాసి ఉంది. బయటి డిస్కు 2 టీబీ, లోపలిది 500 జీబీ. ఐదు నెలలు ప్రతి రాత్రీ లాగ్‌లో "మొత్తం" దగ్గర 500 జీబీ లెక్కే పడింది. యంత్రం రోజూ నిజం చెబుతూనే ఉంది. కార్యవర్గం చదవలేదు. ఒప్పుకుంటాం, మేమూ చదవలేదు.

ఈ కాల్ గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. డిస్కు లేదని అది ఎర్రర్ ఇవ్వదు. ఫోల్డర్ ఉంటే చాలు, జవాబు చెబుతుంది. మనం పెట్టె సంగతి అడిగామనుకున్నాం, అది గూటి సంగతి చెప్పింది.

"క్లౌడ్‌లో పెడితే ఈ గొడవే ఉండదు" అన్నారు ఒకరు. క్లౌడ్‌కు పంపే ప్రోగ్రాం కూడా ఏదో ఒక ఫోల్డర్ చూసే పంపుతుంది. సింక్ పెట్టుకుంటే, డిస్కు తగలని రోజున ఖాళీ ఫోల్డర్ చూసి, ఫైళ్లు మనమే తీసేశామనుకుని అటువైపు కూడా తుడిచేసే ప్రమాదం ఉంది. క్లౌడ్ ఉండాలి, వద్దనడం లేదు. కానీ అడగాల్సిన ప్రశ్న అడగకుండా ఏదీ కాపాడదు.

"పెద్దల మీద అనుమానమా?" అన్నారు ఇంకొకరు. ఏటా ఆడిట్‌లో కోశాధికారి మాట సరిపోదని బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాం. అది ఆయన మీద అనుమానమా? లెక్క ఎక్కడుందో అక్కడే అడగడం పద్ధతి. మనలో ఎంతమంది అకౌంటెంట్లు? అయినా లెక్కలు మనకెందుకని ఎవరైనా అన్నారా?

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. అప్పటినుంచి ఇక్కడి తెలుగువాళ్ల కాగితాలు ఎక్కువగా మన ఇళ్ల అటకల మీదే బతికాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి ఎవరూ మరిచిపోలేదు. ఇంకో తుఫాను రాదని ఎవరు చెప్పగలరు? వి.వి. గిరి గారు పుట్టిన ఊరు మాది అని ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆయన కాలం నాటి బరంపురం తెలుగు కరపత్రం ఒక్కటి చూపించమంటే రేపు ఏం చూపిస్తాం?

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు కోరుతున్నాం.

ఒకటి: కాపీకి ముందు, ఆ ఫోల్డర్ డివైస్ నంబరూ దాని పైఫోల్డర్ డివైస్ నంబరూ ప్రోగ్రాం పోల్చాలి. రెండూ ఒకటే అయితే అక్కడ డిస్కు తగలలేదన్నమాట. మొత్తం సైజు 2 టీబీకి దగ్గరగా లేకపోయినా ఆగిపోవాలి, కార్యదర్శి ఫోనుకు సందేశం వెళ్లాలి.

రెండు: నెలకోసారి, కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు బయటి డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి, ఆ నెల ఫైళ్లు పది తెరిచి చూసి సంతకం చెయ్యాలి.

మూడు: ఆ సంతకం పడేదాకా ఎవరి అసలు కాగితాలూ తిరిగి ఇవ్వకూడదు.

వీటికి ఖర్చు లేదు. పది లైన్ల ప్రోగ్రాం, నెలకో గంట. ఆ పది లైన్లు మేము రాసిస్తాం. ఆ గంట ఎవరిస్తారో కింద పేర్లు రాయండి.

ఆ పెద్దాయన ఇంకా సమావేశాలకు వస్తున్నారు. తన కాగితాలు కంప్యూటర్‌లో ఉన్నాయనే అనుకుంటున్నారు. ముందుగా ఆయనకు నిజం చెప్పాలి. కార్యవర్గం చెప్పకపోతే మేమే వెళ్లి చెబుతాం.