ఉచితం పేరిట పెట్టుబడి అప్పు

గుంటూరు మిర్చి యార్డును ఎరిగినవారికి ఒక సంగతి విడమరచి చెప్పనక్కరలేదు: పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ ఏజెంటు కొట్టుకే పంట చేరాలి. ధర నచ్చకున్నా మరో కొట్టు మెట్లెక్కే స్వేచ్ఛ ఆ రైతుకుండదు. "ముందు జనాన్ని చేర్చండి, డబ్బు సంగతి తరువాత" అని సామాజిక మాధ్యమాలకు హితవు పలికేవారు ఈ అప్పుకే ఉచితమని పేరు పెట్టారు. 2020లో వచ్చిన కూ మదుపరుల సొమ్ముతో పెరిగి, కొనేవారితో బేరం కుదరక 2024లో మూతపడింది. అందులో తెలుగు వ్రాసుకున్నవారిని ఎవరు అడిగారు?

2016లో మొదలైన మాస్టొడాన్ దారి వేరు. ఎందరో వ్యక్తులు, సంఘాలు విడివిడిగా నడిపే సర్వర్లు అక్కడ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2022లో ట్విట్టర్ చేతులు మారాక జనం వెల్లువెత్తారు, ఖర్చూ వెల్లువెత్తింది. ఇతర సర్వర్లనుంచి వచ్చే బొమ్మల ప్రతులనూ దాచవలసి రావడంతో, సొంత సభ్యులు పెరగకున్నా నిల్వభారం పెరుగుతుంది. ఆ బిల్లు చాలాచోట్ల నిర్వాహకుడి జేబునుంచో, కొద్దిమంది విరాళాలనుంచో చెల్లుతోంది. దీన్ని సేవాభావమని పొగిడి ఊరుకోవడం మనకు సులువే. న్యాయం మాత్రం కాదు.

మార్గం మన గడ్డమీదే ఉంది. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఊరూరి గ్రంథాలయాలను కలిపింది. అయినా ఎవరి గ్రంథాలయం వారిదే, పోషణ వారిదే. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం దాతల అండతో నూరేళ్ళు దాటింది.

చిల్లర చందాలు చాలవు, అందరికీ ఒకే పెద్ద నిధి కావాలని వాదించేవారున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల సెస్సు వసూలవుతుంది. ప్రజలు కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలనుంచి అది గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరక బకాయిలుగా పేరుకుంటోంది. పుస్తకం ఒకచోట, పైకం మరొకచోట ఉంటే జరిగేది ఇదే.

కనుక ప్రతి సర్వరూ తాను మోయగల సభ్యుల సంఖ్యను ముందే నిర్ణయించుకోవాలి. ఏటా చందా తీసుకోవాలి. ఇవ్వలేనివారి భాగాన్ని ఇవ్వగలవారు పంచుకోవాలి. జమాఖర్చులు అందరికీ కనబడాలి. సాఫ్ట్‌వేరు వ్రాసేవారికి అందులోంచి వాటా పోవాలి. హద్దు దాటితే కొత్త సర్వరు పుట్టాలి, పక్క ఊరిలో మరో గ్రంథాలయం పుట్టినట్టు.

నెలనెలా ఫోను రీచార్జికి వెనుదీయని మనం, మాట్లాడుకునే చోటికి చందా అనగానే ఎందుకు ముఖం తిప్పుకుంటాం? మనం కట్టని అద్దెను మరొకడు కడతాడు. ఇల్లు వాడిదవుతుంది.