గ్రూపు ఫోటో ఎవరిది?

విశాఖపట్నం మల్కాపురానికి చేరువలోనే ఒకప్పుడు సింధియావారిదైన ఓడల నిర్మాణశాల కలదు. 1957లో కాల్టెక్స్ ప్రారంభించగా నేడు హిందుస్థాన్ పెట్రోలియం నడుపుతున్న చమురుశుద్ధి కర్మాగారమూ కలదు. అక్కడి కార్మికుల బిడ్డలు చదివే బడులలో వీడ్కోలునాడు పదవ తరగతివారి గ్రూపు ఫోటో తీయించడం పరిపాటి. అట్టి ఫోటో ఒకటి ఆ వేసవిలోనే బడి ప్రవేశాల ఫ్లెక్సీమీద కనిపించిందనుకొందాం. తీసినవానికి కబురు లేదు. మూలనైనా పేరు లేదు. "నా ఫోటోను నన్నడగకుండా వాడుకొన్నారే!" అని అతడు నొచ్చుకొనడం సహజం. శాసనం అతని పక్షాన నిలుస్తుందా?

సగమే నిలుస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తియే. అయితే ఒకరు కోరగా, ప్రతిఫలం పుచ్చుకొని తీసినప్పుడు, వేరే ఒప్పందం లేనిపక్షంలో తొలి హక్కుదారు తీయించినవారేనని 17వ సెక్షను చెప్పుతున్నది. కర్త ఒకరు, యజమాని మరొకరు! కనుక డబ్బిచ్చి తీయించిన బడి దానిని అచ్చు వేసుకొనవచ్చును. విచిత్రమేమంటే, అదే ఫోటోను పెద్దదిగా వేసి తన స్టూడియో అద్దాల బీరువాలో పెట్టుకొనవలెనంటే అనుమతి అడగవలసినవాడు ఆ ఫోటోగ్రాఫరే. ఇక పిల్లలు తలా కొంత వేసుకొన్న సొమ్మయితే యజమాని హెడ్మాస్టరా, నలభైమంది పిల్లలా అన్నది ప్లీడర్లకు మంచి పని.

అయినను అతనికి మిగిలినది కొంత ఉన్నది. కాపీరైటు ఎవరి చేతిలో ఉన్నప్పటికీ, ఈ చిత్రం నాది అని చెప్పుకొనే అధికారం, తన ప్రతిష్ఠకు భంగం కలిగేటట్లు దానిని వికృతం చేస్తే అడ్డుకొనే అధికారం 57వ సెక్షను కర్తకే ఉంచింది. ఫ్లెక్సీ మూలన పేరు వేయుమని అడగడానికి ఆధారమిదే.

ఎవరూ పురమాయించకుండా తెల్లవారుజామున చేపల రేవుకు పోయి అతడు తీసిన పడవల ఫోటో సంగతి వేరు. అది పూర్తిగా అతనిది. 2012 సవరణకు పూర్వం ఫోటోకు రక్షణ ప్రచురణనుండి 60 ఏండ్లు మాత్రమే. చిత్రకారునికైతే జీవితకాలమూ, ఆపైన 60 ఏండ్లూ. కుంచెకొక న్యాయం, కెమెరాకొక న్యాయం! ఆ సవరణతో ఇద్దరికీ ఒకే గడువు వచ్చింది.

ఆ పడవల ఫోటోను బడివారు క్యాలెండరుకు కోరితే హక్కునంతా అమ్మనక్కరలేదు. ఒక్క ఏడాదికి, ఆ క్యాలెండరుకు మాత్రమే అని కాగితంమీద లైసెన్సు వ్రాసి ఇస్తే చాలును. హక్కునే బదలాయించి గడువు వేయకపోతే చట్టం దానిని 5 ఏండ్లుగా ఎంచుతుంది. ఉపాధ్యాయుడు పాఠం చెప్పుతూ ఆ ఫోటోకు నకలు తీస్తే మాత్రం తప్పులేదు. ఆ మినహాయింపు చట్టంలోనే ఉన్నది. ఫ్లెక్సీ పాఠం కాదు గదా!

గ్రూపు ఫోటోకు వచ్చేసరికి ఆ "వేరే ఒప్పందం" ఒక్కటే శరణ్యం. దానిని కెమెరా ఎత్తకముందే కుదుర్చుకొనవలెను. స్టూడియో రసీదులో సాధారణంగా పేరు, సైజు, ప్రతుల లెక్క, అడ్వాన్సు, బాకీ ఉంటవి. వాటి అడుగున ఇంకొక వాక్యం వ్రాయడానికి చోటు లేకపోలేదు.