బొల్లి మచ్చకు రంగు వేసుకుంటే తప్పా?

"పెళ్లిచూపులున్నాయి, మచ్చ కనబడకుండా ఏదైనా చెప్పండి" అని అడిగే తల్లులున్నారు. బొల్లి అంటువ్యాధి కాదు. కుష్ఠు అసలే కాదు. బొల్లి మచ్చ మీద స్పర్శ పోదు. దాన్ని కప్పుకోవడం తప్పని నేననుకోను.

డైహైడ్రాక్సీఅసిటోన్ ఉన్న లోషన్ పైచర్మానికి గోధుమరంగు ఇస్తుంది. ముందు కొద్దిచోట రాసి ఒకరోజు చూడండి. దురద, మంట లేకపోతే, కడిగి ఆరబెట్టిన మచ్చ మీద మాత్రమే, అంచులు దాటకుండా దూదితో పల్చగా అద్దండి. వెంటనే చేతులు కడుక్కోండి, లేకుంటే అరచేతులకూ అదే రంగు! కొన్ని గంటల్లో రంగు తేలుతుంది, వారానికల్లా వెలిసిపోతుంది. ఇది మందు కాదు, ఎండనూ ఆపదు. చికిత్స మానకండి.

పెళ్లివారికి మాత్రం మచ్చ సంగతి ముందే చెప్పాలి. అది అంటదనీ చెప్పండి. నమ్మకపోతే వాళ్లనూ ఆసుపత్రికి తీసుకురండి, మేం చెబుతాం.