మాత అడిగిన మజ్జిగ

భాద్రపదం దగ్గర పడుతోందంటే మనకి ఒకటే హడావుడి. ఉండ్రాళ్ళకి బియ్యపు రవ్వ, కుడుములకి కొబ్బరి, పత్రి కోసం పిల్లల పరుగులు. ఈ సందట్లో పడి, ఇవే రోజుల్లో పక్కింటి క్యాథలిక్ వదినగారు కూడా ఓ పండుగకి ఇల్లు దులుపుకుంటోందని గమనించారా?

సెప్టెంబరు 8 మరియ తల్లి పుట్టినరోజు. వేళాంగణి ఆరోగ్య మాత పండుగా ఆ రోజే. ఆగస్టు 29న జెండా ఎగరేసిన దగ్గర్నుంచి రోజూ ప్రార్థనలు, ఆఖర్న పండుగ. వేళాంగణి తమిళనాడులో నాగపట్నం పక్కన సముద్రపొడ్డున ఉన్న చిన్న ఊరు. అంతదూరం వెళ్ళలేని మనవైపు వాళ్ళకి ఖైరతాబాద్‌లో ఆ తల్లి పేరనే గుడి ఉంది. ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగితే, 2018 నుంచి అక్కడ మెట్రో ఎక్కి నేరుగా ఖైరతాబాద్‌లోనే దిగొచ్చు.

ఖైరతాబాద్ అనగానే మీకు గుర్తొచ్చేది మాత్రం పెద్ద వినాయకుడు కదూ! 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై, 2024లో డెబ్భయ్యో ఏడని 70 అడుగులు నిలబెట్టారు. ఆ ఏడాది చవితి సెప్టెంబరు 7న, మాత పండుగ మర్నాడే. మెట్రో దిగే ఆడవాళ్ళలో ఎవరు గణపయ్యకి వెళ్తున్నారో, ఎవరు మాతకి వెళ్తున్నారో చీర చూసి చెప్పగలరా? వేళాంగణి మాతకీ పట్టుచీరే కడతారాయె.

అక్కడ చెప్పుకునే కథలు విన్నారా? రెండూ వంటింటి కథలే. ఓ పిల్లవాడు నాగపట్నంలో యజమాని ఇంటికి పాలు మోసుకెళ్తూ, చెరువు గట్టున మర్రిచెట్టు కింద నడుం వాల్చాడు. చంకలో బిడ్డతో ఓ తల్లి వచ్చి, మా వాడికి కాసిని పాలు పోస్తావా అంది. పోశాడు. పాలు తగ్గాయని యజమాని ముందు భయపడుతూ మూత తీస్తే, కుండ నిండి పొర్లుతోందట. రెండో కథలో ఓ పేద విధవరాలి కొడుకు, కాళ్ళు లేవని పిల్లవాడు, చెట్టు నీడన మజ్జిగ అమ్ముకుంటున్నాడు. ఆ తల్లి బిడ్డ కోసం మజ్జిగ అడిగింది. ఇచ్చాడు. నాగపట్నంలో ఫలానా పెద్దమనిషికి నా మాట చెప్పిరా అంది. లేవబోయి చూసుకుంటే కాళ్ళు బాగున్నాయి. పోర్చుగీసు నావికులు తుఫాను తప్పించుకుని ఒడ్డున పడ్డ కథ ఆ తర్వాతది.

నాకు నచ్చేదేమిటంటే, ఆ తల్లి ముందుగా అడిగింది పాలు, మజ్జిగ. అదీ ఒక హిందువుల పిల్లవాణ్ణి. పోసినవాడు ఆమెది ఏ ఇల్లని అడగలేదు.

మన వీధుల్లో మాత్రం ఈ మధ్య అడుగుతున్నారు. ఉండ్రాళ్ళ పళ్ళెం పంపిస్తే, “ప్రసాదమా? మేం తినమండీ” అని వెనక్కి వస్తోంది. క్రిస్మస్ కేకు ఇస్తే, గుడ్డు ఉందేమోనని మనం నవ్వుతూ తీసుకుని పనిమనిషికి ఇచ్చేస్తున్నాం. రెండు వైపులా మొహమాటం. నాలుగైదేళ్ళలో పళ్ళేలు నడవడమే మానేస్తాయి. మన పిల్లలకి పక్కింటి వంట రుచే తెలీకుండా పోతుంది.

కోపం తెచ్చుకోకండి. నైవేద్యం తినొచ్చా వద్దా అన్న తర్జనభర్జన వాళ్ళలో ఈనాటిది కాదు. పౌలుగారు కొరింథీయులకు రాసిన మొదటి జాబులో ఇదే చర్చ. పిలిచినవాళ్ళు పెట్టింది ప్రశ్నలు వేయకుండా తినమంటాడు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం మానమంటాడు. కనుక ఓ పని చేయండి. దేవుడి ముందు పెట్టకముందే ఓ డబ్బాలోకి ఉండ్రాళ్ళు తీసి, “ఇవి మీకోసం ముందే తీశాను వదినా” అని ఇచ్చి చూడండి. ఆ మాటతో చాలా గుమ్మాలు తెరుచుకుంటాయి.

క్యాథలిక్ సోదరీమణులకూ ఓ మాట. పండుగంటే కోడికూరే కానక్కర్లేదు. మంగళూరు క్యాథలిక్కులు సెప్టెంబరు 8న కొత్త వరి కంకులు గుడిలో ఆశీర్వదింపజేసి ఇంటికి తెచ్చుకుంటారు. ఆ గింజలు పాలలోనో పాయసంలోనో కలిపి అందరూ తలా కాస్త తిని, ఆకులో అన్నీ శాకాహారమే వడ్డిస్తారు. కూరల లెక్క బేసి సంఖ్యలో ఉండాలట. ఎంత బాగుందో చూడండి! అలాంటి ఆకు ముందు కూర్చోవడానికి మడికట్టుకునే అత్తగారికైనా అభ్యంతరం తక్కువే. వేట మాంసం వండుకుంటే వండుకోండి గానీ, పక్కింటికి పంపే పులిహోరకి గిన్నె, గరిటె వేరే పెట్టండి. ఏం వేశారో నోటితో చెప్పి ఇవ్వండి.

ఇక మజ్జిగ. ఊరేగింపుకి పోయాలన్నా, వినాయకుడి పందిట్లో పోయాలన్నా ఇదే కొలత. యాభై చిన్న గ్లాసులకి రెండు లీటర్ల పెరుగు, ఆరు లీటర్ల నీళ్ళు. పెరుగు పుల్లనైతే నీళ్ళు మరో లీటరు పెంచండి. యాభై గ్రాముల అల్లం, ఆరు పచ్చిమిరపకాయలు, నాలుగు రెబ్బల కరివేపాకు మెత్తగా నూరి, ఆ ముద్దని కాసిని నీళ్ళలో కలిపి వడకట్టి పోయండి. పసివాళ్ళకి మిరప ముక్క తగలకూడదు. వేయించిన జీలకర్ర పొడి రెండు చెంచాలు, కొత్తిమీర ఓ కట్ట, రెండు నిమ్మకాయల రసం. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, స్టీలు బిందె గానీ కుండ గానీ మంచిది. ఉప్పు మూడు పెద్ద చెంచాలు పడుతుంది. అది ఇంట్లో వేయకండి. పొట్లం కట్టి వెంట తీసుకెళ్ళి, మొదటి గ్లాసు పోసే ముందు కలపండి.