పూయని చేమంతి – నింద ఎవరిది?



కుండీలో పెంచిన చేమంతి పూయకపోతే ఇంట్లో ఏమంటారో మీరు వినే ఉంటారు. “నాటినవాళ్ళ హస్తవాసి మంచిది కాదు” అంటారు. కొన్ని ఇళ్ళలో ఇంకొంచెం ముందుకు పోయి, నెలసరి రోజుల్లో ఆడపిల్ల తాకింది కాబట్టే మొగ్గ రాలేదంటారు. ఆమెను కుండీ దగ్గరికే రానివ్వరు. మొక్కకు కావలసిందేమిటో తెలుసుకోకుండా మనిషిని నిందించడం అన్యాయం, అశాస్త్రీయం కూడా అని నా అభిప్రాయం.

ముందు ఎండ సంగతి చూద్దాం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది. కిటికీకి దూరంగా గది మూలలో అది కొన్ని వందల లక్సులకు పడిపోతుంది. మన కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది కనుక మనకు ఆ తేడా అంతగా తెలియదు. మొక్కకు మాత్రం తెలుస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మందగించి, బతకడానికే సరిపడని ఆహారంతో అది పూలెలా పూస్తుంది? అందుచేత కుండీని ఎండ తగిలే కిటికీలోనో, వసారాలోనో ఉంచాలి.

అయినా చేమంతి పూయదనుకోండి. అప్పుడు పగటిని కాదు, రాత్రిని పరిశీలించాలి.

అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులకు ఒక పొగాకు రకం ఇలాంటి చిక్కే తెచ్చిపెట్టింది. వేసవిలో అది ఏపుగా పెరిగేదే గాని పూసేది కాదు. రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటిని కుదించగా వేసవిలోనే పూసింది! 1920లో వారు ఈ ఫలితాలు ప్రచురించారు. దీనినే కాంతికాలావధి అంటాం. తరువాత 1938లో హామ్నర్, బానర్ మరో మొక్కపై ప్రయోగాలు చేసి, అసలు లెక్క పగటిది కాదు, ఎడతెగని చీకటిదని చూపారు. నడిరాత్రి కొద్దిసేపు దీపం వెలిగితే చాలు, ఆ మొక్క పూయలేదు. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ వెలుగును పసిగడుతుంది.

చేమంతి కూడా దీర్ఘరాత్రులు కోరే మొక్కే. హైదరాబాదులో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. చలికాలం చేమంతుల కాలం కావడానికి కారణం ఇదే. కాని మన గదిలో ట్యూబులైటు రాత్రి పదకొండు దాకా వెలుగుతుంటే, పాపం, ఆ మొక్కకు చలికాలం వచ్చినట్టే తెలియదు! ఆ దీపం ఆహారం తయారీకి చాలదు. రాత్రిని చెడగొట్టడానికి మాత్రం చాలు.

నా మాట నమ్మనక్కరలేదు. ప్రయోగం చేయండి. ఒకే చేమంతి నుంచి తీసిన రెండు పిలకలను ఒకే రకం మట్టితో రెండు కుండీల్లో నాటండి. బాగా ఎదిగాక, సెప్టెంబరు నుంచి పగలు రెండింటినీ ఒకే చోట ఎండలో ఉంచండి. సాయంత్రం 6 గంటలకు ఒకదానిమీద వెలుతురు చొరని అట్టపెట్టె బోర్లించి, ఉదయం 7 గంటలకు తీయండి. రెండోదాన్ని దీపం వెలిగే గదిలో ఉంచండి. నెల, నెలన్నర పాటు వారం వారం మొగ్గలు లెక్కపెట్టి రాయండి.

ఒక్క షరతు. రెండు కుండీలకూ నీళ్ళు పోసేది ఇంట్లోని ఆడపిల్లే కావాలి. నెలలో ఏ రోజూ మానకూడదు. పెట్టె కింది మొక్క ముందుగా మొగ్గ తొడిగిందనుకోండి, ఆ పట్టికను పెద్దలకు చూపించండి. రెండింటినీ తాకింది ఒకే చెయ్యి. తేడా ఉన్నది చీకటిలోనే.

పెద్దలతో వాదన పెట్టుకోవద్దు. లెక్క చూపించి, వాళ్ళనే ఆలోచించమనండి.